గోనెగండ్ల బసన్న సంతకం

గోనెగండ్ల
జనవరి 28

చిరంజీవి మహాదేవికి తాత బసన్న రాయునది.

ముందుగా నా రాత చూసి నవ్వొద్దు. ఐదో తరగతిలో విడిచిన పలక మళ్ళీ ఇప్పుడు పట్టినట్టుంది. ఒత్తులు ఉండాల్సిన చోట లేవు, లేని చోట ఉన్నాయి. నువ్వు డిగ్రీ చదివే పిల్లవి, తప్పులు దిద్దుకుని చదువుకో.

మూడు రోజులు ఫోన్ చేసినాను. నాలుగో రోజు మీ వార్డెనమ్మ ఎత్తింది. ఆడపిల్లలు ఫోన్లతో చెడిపోతారని, మీ మంచికే అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసినామని చెప్పింది. ఆదివారం పావుగంట ఇస్తారంట. ఆ పావుగంట గుంటూరుకు చేసుకో. మీ అమ్మ ఎదురు చూస్తుంటుంది. నాకు ఎడమ చెవి ఎట్లాగూ వినపడదు. ఫోను చెవిన పెడితే ఏం మాట్లాడాలో తోచదు. జాబు రాస్తాను.

మీ నాయన సుధాకర్, మీ అమ్మ మిరపకాయల కోతకు పోయి పన్నెండు దినాలైంది. ఉగాదికి వస్తారు. అంతవరకు ఇంట్లో నేను, రెండు మేకలు.

నీ బకెట్టు మీద నేను పెయింటుతో రాసిన పేరు పోలేదు కదా. అందులో 'హా' అక్షరం వంకర పోయింది. హాస్టల్లో అందరి బకెట్లు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ఆ వంకర చూసి గుర్తుపట్టు.

జాబు రాసేటప్పుడు అక్షరాలు పెద్దగా రాయి. కంటి ఆపరేషన్ అయినా చిన్న అక్షరాలు చీమల్లాగా కదులుతాయి.

మీ తాత
బసన్న


ఆదోని
ఫిబ్రవరి 6

ప్రియమైన తాతా,

నీ జాబు చూసి నవ్వాను. రాతను చూసి కాదు, మేకలను కూడా ఇంటి మనుషుల్లో లెక్కేసినందుకు. ఇదిగో, నీకోసం అక్షరాలు గుమ్మడికాయలంత రాస్తున్నాను. ఒక్క పేజీలో నాలుగు మాటలే పడుతున్నాయి.

నీ వంకర హా చాలా పనికొస్తోంది. ఇక్కడ బకెట్టే మా ఆస్తి. తాతా, మా హాస్టలు నీళ్ళు బాగాలేవు. రెండు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది. ఆ నీళ్ళు భూమిలోని తొట్టిలో పోస్తారు. ఆ తొట్టి మూత పగిలి ఏడాదైందట. పసుపుపచ్చ నీళ్ళు. గుడ్డ కట్టి వడపోస్తే గుడ్డ మీద సన్న పురుగులు. అవే తాగాలి, వాటితోనే వంట. కృష్ణగిరి నుంచి వచ్చిన గౌరి అని మొదటి సంవత్సరం పిల్ల, నా పక్క మంచమే, ఆమెకు కామెర్లు వచ్చాయి. కళ్ళు నిమ్మపండు రంగులో ఉన్నాయి. ఇంకో ఇద్దరికి జ్వరం.

నేను, ఎస్తేరు కలిసి అర్జీ రాశాం. ఎస్తేరు హాస్టల్లో ఉండదు, ఆదోని పిల్లే. వాళ్ళమ్మ పత్తి మిల్లులో పని చేస్తుంది. నాతో ఒకే బెంచీ. అర్జీ తీసుకుని వార్డెన్ మేడం నా తల నిమిరింది. "ఇట్లాంటివన్నీ నీ మనసులో పెట్టుకోకు తల్లీ, సన్నగా అయిపోతున్నావు" అంది. రెండోసారి పోతే, "నాకు మీ దిగులుతో నిద్ర లేదు" అంది. మూడోసారి పోతే అర్జీ కనిపించలేదు అంది.

సోమవారం నుంచి కాలేజీ గేటు దగ్గర ఖాళీ బకెట్లు పెట్టుకుని కూర్చుందాం అనుకున్నాం. ముప్పై ఆరు మంది ఒప్పుకున్నారు. అరవడాలు, రాళ్ళు వేయడాలు ఏమీ లేవు. ఊరికే కూర్చోవడం. తొట్టి కడిగించాలి, మూత వేయించాలి, మా ఫోన్లు మాకివ్వాలి. అంతే.

నాన్నకు చెప్పొద్దు. ఎండలో కాయలు కోస్తూ దిగులు పడతాడు.

నీ మహాదేవి


గోనెగండ్ల
ఫిబ్రవరి 13

మహాదేవికి,

జాబు అందింది. నాలుగు సార్లు చదివినాను. ఆ రాత్రి అన్నం దిగలేదు. నాన్నకు చెప్పలేదు.

కైరుప్పల మీ అవ్వ ఉచ్చీరమ్మ పుట్టినూరు. పెళ్ళైన కొత్తలో ఉగాదికి పోయినాను. పండుగ మరుసటి రోజు ఊరు రెండు పక్కలై పిడకలతో కొట్టుకుంటారు కదా. కొత్తల్లుడని బావమరుదులు నన్ను ముందర నిలబెట్టినారు. ముందర నిలబడినోనికే పిడక తగిలేది. కణత మీద మచ్చ నువ్వు చూసిందే. మీ అవ్వ విభూతి పూసి నవ్వింది. "ముందర నిలబడితివి, మా ఊరి అల్లుడనిపించుకుంటివి" అన్నది.

అయినా నీకు చెప్పేది ఒకటే. కూర్చోవాలంటే కూర్చో. వెనక కూర్చో.

నీళ్ళు కాచి తాగు. గౌరి తల్లిదండ్రులకు కబురు పోయిందా?

బసన్న


ఆదోని
ఫిబ్రవరి 20

తాతా,

వెనక వరుసే లేదు. ఉన్నది ఒకటే వరుస. గేటుకు ఆ చివర నుంచి ఈ చివరి దాకా ముప్పై ఆరు బకెట్లు, వాటి వెనక మేం. రోడ్డున పోయే లారీవాళ్ళు నీళ్ళ కోసమా అని ఆపి అడుగుతున్నారు. ఒక కలింగర పండ్ల బండాయన మూడు పండ్లు కోసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఎస్తేరు ఆయనతో, "అన్నా, రేపు కూడా ధర్నా ఉంటాది, ఇట్లనే రావాల" అంటే అందరం ఒకటే నవ్వు.

మమ్మల్ని ఎవరూ తిట్టలేదు తాతా. తిడితే బాగుండేది. వైస్ ప్రిన్సిపాల్ మధుసూదన్ సార్ గొడుగు పట్టుకుని వచ్చారు. "ఎండకు నల్లబడతారమ్మా, రేపు మీ అమ్మలకు నేనేం జవాబు చెప్పాలి?" అన్నారు. తర్వాత ఒక్కొక్కరినే ఆఫీసు గదిలోకి పిలిచి, ఫ్యాను వేసి, టీ ఇచ్చి మాట్లాడారు. అంజనమ్మను, "మీ నాన్నకు గుండె జబ్బు కదా, ఈ సంగతి తెలిస్తే ఏమవుతుంది?" అన్నారట. కాశింబీని, "పెళ్ళి చూపులకు వచ్చేవాళ్ళు పేపర్లో ఫోటో చూస్తే?" అన్నారట. ఆ గదిలోకి పోయినవాళ్ళు ఏడుస్తూ బయటికి వస్తున్నారు. లోపల ఎవరూ గొంతు కూడా పెంచలేదు.

నన్ను అరగంట కూర్చోబెట్టారు. "నీలాంటి తెలివైన పిల్ల బీఈడీ చేసి టీచరు కావాలి. నీ పేరు ఎక్కడైనా ఎక్కితే నా మనసు తట్టుకోలేదు" అన్నారు. ఇంట్లో ఎవరున్నారని అడిగారు. అమ్మా నాన్నా గుంటూరులో, తాత గోనెగండ్లలో అని చెప్పాను. తాత పేరేంటి, ఏం చేస్తాడు, చదువు వచ్చా అన్నారు. ఐదు దాకా చదివాడు, నాకు జాబులు రాస్తాడు అన్నాను. గొప్పగానే చెప్పాను. ఆయన పేరు రాసుకున్నారు.

తొట్టి ఇంకా కడగలేదు. గౌరికి వాంతులు తగ్గలేదు. వాళ్ళ నాన్న వచ్చేదాకా ఆసుపత్రికి పంపడం కుదరదంటున్నారు, దారిలో ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని.

రేపు కూడా కూర్చుంటాం.

మహాదేవి


గోనెగండ్ల
ఫిబ్రవరి 25

మహాదేవికి తాత రాయునది.

నిన్న మన ఇంటికి కారు వచ్చింది. మీ మధుసూదన్ సార్, వార్డెనమ్మ, ఇంకొక గుమాస్తా. యాపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా తెచ్చినారు. మన పక్కింటి ఈరన్న వాకిట్లోకి వచ్చి, "ఏమప్పా బసన్నా, కలెక్టరొచ్చినాడా మీ ఇంటికి?" అని కేక పెట్టినాడు. వీధి పిల్లలందరూ కారు చుట్టూ చేరినారు.

సార్ ఎంత మంచి మనిషి. నులక మంచం మీద కూర్చున్నారు. నేను నిలబడితే చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నా డెబ్బై రెండేళ్ళలో కారులో వచ్చిన మనిషి మన మంచం మీద కూర్చోవడం ఇదే. చెంబుతో నీళ్ళిచ్చినాను. మన ఇంటి నీళ్ళు తాగినారు.

"పెద్దాయనా, మహాదేవి నాకు కూతురితో సమానం. ఎండలో ఆ పిల్లను చూసి నాకు అన్నం సహించడం లేదు" అన్నారు. నీ మార్కులన్నీ చెప్పినారు. ఎవరో బయటి పిల్ల నిన్ను ముందుకు తోస్తుందని, రేపు ఏమైనా అయితే ఆ పిల్ల ఉండదు, మీరే ఏడవాలి అన్నారు. వార్డెనమ్మ కళ్ళు తుడుచుకుంది.

మేం వచ్చి విచారించినాం అనడానికి గుర్తు అని ఒక కాగితం ఇచ్చినారు. గుమాస్తా వేలిముద్రకు సిరా డబ్బా తీసినాడు. నేను సంతకం చేస్తానని చెప్పినాను. ఉపాధి పనికాడ మా గుంపులో వేలు వేయని ముసలోన్ని నేనొక్కణ్ణే. సార్ చూసి, "ఇంత చక్కని సంతకం మా లెక్చరర్లకు కూడా లేదు" అన్నారు.

అంత పెద్దవాళ్ళు దిగులు పడి ఇంటి దాకా వచ్చినారు. వాళ్ళ మాట విను. ఒక పండు తిన్నాను, తక్కినవి నీకు పంపుదామంటే ఎవరూ ఆదోని పోయేవాళ్ళు లేరు.

బసన్న


ఆదోని, ఎస్తేరు వాళ్ళ ఇల్లు
మార్చి 3

తాతకు,

నేనిప్పుడు హాస్టల్లో లేను. 27వ తేదీ పొద్దున ప్రార్థన అయ్యాక మధుసూదన్ సార్ మైకులో ఒక కాగితం చదివారు. నువ్వు సంతకం చేసిన కాగితం. అందులో ఉన్నది ఇది. నాకు కంఠతా వచ్చింది.

"నా మనవరాలు మహాదేవి ఆరోగ్యము, మానసిక స్థితి బాగులేవు. చెడు సహవాసము వలన దారి తప్పుచున్నది. ఆమె క్షేమము కోరి, ఆమెను హాస్టలు నుండి ఇంటికి పంపవలసినదిగా నేనే కోరుచున్నాను. హాస్టలు వసతుల విషయమై నాకు ఎట్టి ఫిర్యాదు లేదు."

చదివి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక నిరుపేద తాత కన్నీళ్ళతో చేసిన సంతకం ఇది" అన్నారు. పిల్లలందరూ నా వైపు తిరిగి చూశారు.

ఆ కాగితానికి జిరాక్సులు తీసి ఊరూరా తిరిగారు. గోనెగండ్ల బసన్న చేశాడు, మీరూ చేయండి అని. ముప్పై ఒక్క ఇళ్ళలో చేశారు. తల్లులు వచ్చి పిల్లలను చేయి పట్టుకుని తీసుకుపోయారు. గేటు దగ్గర నాలుగు బకెట్లు మిగిలాయి. నా పెట్టె బయట పెట్టి, "మీ తాతగారి కోరిక ప్రకారమే" అని రాసిన కాగితం చేతికిచ్చారు. పంపించేటప్పుడు వార్డెన్ మేడం నన్ను దగ్గరకు తీసుకుంది తాతా. జాగ్రత్తగా పో తల్లీ అంది.

చెడు సహవాసం అంటే ఎస్తేరు. ఆ ఎస్తేరు ఇంట్లోనే ఉంటున్నాను. వాళ్ళమ్మ ఉన్న ఒక్క చాప నాకు పరిచింది. క్లాసులకు పోతున్నాను. ఇంటికి రాను.

తొట్టి కడగలేదు.

నువ్వు ఆ కాగితం చదివావా?

మహాదేవి


గోనెగండ్ల
మార్చి 7

మహాదేవికి,

నీ జాబు అందింది.

చదివినాను. అక్షరాలు చిన్నవి. అందులో నీ ఆరోగ్యం అనే మాట ఉంది. నీ క్షేమం అనే మాట ఉంది. అవి చెడ్డ మాటలా? వాళ్ళు పెద్ద చదువు చదివినవాళ్ళు. మనం వాళ్ళతో పెట్టుకుంటే గెలుస్తామా? పిల్ల బాగుండాలని ఎవరైనా చెబితే కాదని ఎట్లా అంటాం?

వేరేవాళ్ళ ఇంట్లో ఎన్నాళ్ళుంటావు. ఇంటికి రా. మేకపిల్ల పుట్టింది. నల్లది.

బసన్న


ఆదోని
మార్చి 11

తాతకు,

చదివానన్నావు. సరే.

ఒక్కటే అడుగుతాను. మధుసూదన్ సార్ కాలేజీలో గాని హాస్టల్లో గాని ఎప్పుడూ నీళ్ళు తాగరు. ఇంటి నుంచి స్టీలు బాటిల్ తెచ్చుకుంటారు. ఎవరైనా తనిఖీకి వస్తే మాత్రం మా నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడతారు. పెదవికి ఆనించి కింద పెడతారు. మేమందరం చూశాం.

మన ఇంట్లో నిజంగా తాగారా?

రాయకపోయినా పరవాలేదు. రాస్తే నిజం రాయి.

మహాదేవి


గోనెగండ్ల
మార్చి 15

మహాదేవికి,

తాగలేదు.

చెంబు రెండు చేతులతో అందుకున్నారు. పెదవి దాకా తీసుకుపోయినారు. మంచం కోడు పక్కన పెట్టినారు. పోయేటప్పుడు కారు దగ్గర సీసా తీసి గటగట తాగినారు. నేను చూసినాను. వాళ్ళు పోయినాక చెంబులో నీళ్ళు అట్లే నిండుగా ఉన్నాయి. మేకలకు పోసినాను. నీకు మాత్రం తాగినారని రాసినాను. మన ఇంటికి గౌరవం జరిగిందని నీకు చెప్పాలనిపించింది. నాకు నేను చెప్పుకోవాలనిపించింది.

ఇంకొకటి. కాగితం చదవలేదు.

చదవడం వచ్చు నాకు. కానీ నేను ఎట్లా చదువుతానో నీకు తెలుసు కదా. వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ, ఒక్కొక్క మాట. చిన్నప్పుడు నువ్వే నవ్వేదానివి. అంతమంది ముందర అట్లా చదవడానికి సిగ్గయింది. అదీకాక, మన ఇంటికి వచ్చి పక్కన కూర్చున్న మనిషి కాగితం ఇస్తే, వాళ్ళ ముందరే దాన్ని చదివితే నమ్మనట్టు ఉంటుంది. మా నాయన చెప్పేవాడు, వాకిట్లోకి వచ్చిన మనిషిని అనుమానించొద్దని. గుమాస్తా అడుగున వేలు పెట్టి చూపించినాడు. వేలు పెట్టిన చోట నా పేరు రాసినాను. అందంగా రాయాలని నిదానంగా రాసినాను. ఆ నిదానంలోనే పైన రెండు లైన్లైనా చదవగలిగేవాణ్ణి.

ఈరన్నకు వేలిముద్ర తప్ప రాదు. వానికి ఏ కాగితం ఇచ్చినా, "సదివి సెప్పు, అప్పుడు ఏస్తా" అంటాడు. వాని మాదిరి ఉన్నా సరిపోయేది.

నువ్వు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బసన్న


గోనెగండ్ల
ఏప్రిల్ 4

మహాదేవికి తాత బసన్న రాయునది.

మూడు వారాలైంది. నీ జాబు లేదు. పోస్టు ఉమేష్‌ను రోజూ అడుగుతున్నాను. నిన్న నేను అడగక ముందే, "లేదు పెద్దాయనా" అని తల వంచుకుని సైకిల్ తొక్కినాడు.

ఉగాదికి మీ అమ్మానాన్న వచ్చినారు. అంతా చెప్పినాను. మీ నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, నేను పోయి తేల్చుకుంటానని చొక్కా వేసుకున్నాడు. వద్దన్నాను. సంతకం నాది.

ముందు ఎమ్మిగనూరు పోయినాను. నువ్వు రాసిన జాబులో కాశింబీ పేరు ఉంది కదా. ఎమ్మిగనూరులో కాశింబీ అవ్వ హుసేనమ్మ మగ్గాలకు నూలు కండెలు చుడుతుందని తెలిసింది. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో నిలబడినాను. ఆమే, "ఎవురప్పా, ఎవురు కావాల?" అన్నది.

"గోనెగండ్ల బసన్ననమ్మా" అన్నాను.

రాట్నం ఆగిపోయింది. "నువ్వేనా? నీ సంతకం సూపిచ్చే గదా నాతో ఏలు ఏపిచ్చుకున్నది! సదువొచ్చిన పెద్దాయన సేసినాడు, నీకేమవ్వా అనిరి. సదువొచ్చినోడు సేసినాడంటే మంచిదే అయింటాదనుకుంటి. ఏముండ్య దాంట్లో?"

"నేనూ సదవలేదమ్మా."

"ఎందుకు సదవలా?"

"సిగ్గయింది."

"సిగ్గా!" అన్నది. "పిల్లోళ్ళు పురుగుల నీళ్ళు తాగుతాంటే నీకు సిగ్గా! నిన్ను జూసి నేను, నన్ను జూసి పక్కింటిది. ఒగ గొర్రె గుంతలో పడితే అన్నీ పడినట్లాయ." ఇంకా చాలా అన్నది. అన్నీ విన్నాను. చివరికి ఆమెకే అలుపొచ్చి, "కూసో. ఎండలో వచ్చినావు" అని నీళ్ళిచ్చింది. చెంబు ఖాళీ చేసినాను.

నీ జాబులో నువ్వు రాసిన ఆ కాగితం మాటలు ఆమెకు చదివి వినిపించినాను. వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ. ఆమె నవ్వలేదు. 'ఎట్టి ఫిర్యాదు లేదు' అన్న చోట ఇంకోసారి చదవమన్నది. తర్వాత ఆమే ముందు నడిచింది, నేను వెనక. ఆ వీధిలో ఇంకా రెండు ఇళ్ళు. అక్కడా చదివినాను. పైరోజు ఇంకా రెండు ఊర్లు పోయినాను. ఒక ఇంట్లో కుక్కను వదిలినారు. ఒక ఇంట్లో, మా పిల్ల ఇంట్లో క్షేమంగా ఉంది, నీకేం పని అన్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఐదుగురు ఒప్పుకున్నారు.

నా కాగితం నేనే రాసినాను. రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్న ఐదుగురి దగ్గరికి మళ్ళీ పోయి దాని మీద వేలు వేయించుకున్నాను. మొన్న ఏప్రిల్ రెండున ఆదోని పోయి మీ కాలేజీ గేటు దగ్గర దిగినాను. ఎవరూ ఉండరనుకున్నాను. తొమ్మిది బకెట్లు ఉన్నాయి. ఒకటి నీది. వంకర హా దూరం నుంచే తెలిసింది. దాని వెనక, హుసేనమ్మ తిరిగి పంపిన మనవరాలు కాశింబీ కూర్చుంది. గౌరి వాళ్ళ నాన్న వచ్చినాడని, ఆయనతో కలిసి నువ్వు గౌరిని తీసుకుని కర్నూలు పెద్దాసుపత్రికి పోయినావని చెప్పింది. ఎస్తేరు లేచి వచ్చి, "తాతా, నీడలో కూసో" అన్నది. చెడు సహవాసం అని నేను సంతకం పెట్టింది ఆ పిల్ల మీదనే. ఆ పిల్ల మొహం చూడలేకపోయినాను. నువ్వు ఉండి ఉంటే నీ మొహం చూడగలిగేవాణ్ణో లేదో. లేకపోవడమే మంచిదనిపించింది, మళ్ళీ అంతలోనే ఏడుపు వచ్చింది.

సార్ గదికి పోయినాను. లేచి ఎదురు వచ్చినారు. "పెద్దాయనా, ఈ ఎండలో ఎందుకొచ్చారు! ఒక ఫోన్ చేస్తే మేమే వచ్చేవాళ్ళం కదా. బీపీ ఉందా మీకు?" అని కుర్చీ వేయించినారు. మూత బిగించిన నీళ్ళ సీసా ఇచ్చినారు.

"కుళాయి నీళ్ళు ఇప్పించు సారూ" అన్నాను.

"అవి మీకు పడవు" అన్నారు.

మా పిల్లకు పడతాయా అని అడగాలి. నాలుక మీదికి వచ్చింది. అడగలేకపోయినాను తల్లీ. ఇప్పుడు రాస్తున్నా సిగ్గుగానే ఉంది. దారంతా ఆ ఒక్క మాట అనుకుంటూనే ఇంటికి వచ్చినాను. కానీ కాగితం మాత్రం చేతిలో పెట్టి రాలేదు. చదువుతాను, వినండి అన్నాను. గుమాస్తా, "ఇవ్వండి, నేను చదువుతా" అని చేయి చాపినాడు. ఇవ్వలేదు. నిలబడి వేలు పెట్టి చదివినాను. చిన్న కాగితమే. నాకు చాలాసేపు పట్టింది. సార్ రెండుసార్లు గడియారం చూసినారు. గుమాస్తా నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. చదవడం ఆపలేదు.

అందులో రాసింది ఇది:

"గోనెగండ్ల బసన్న రాసి ఇచ్చునది. ఫిబ్రవరిలో నేను చేసిన సంతకం చదవకుండా చేసినది. అందులోని మాటలు నావి కావు. నా మనవరాలు మహాదేవికి మతి బాగుంది. ఆమె స్నేహితురాలు ఎస్తేరు మంచి పిల్ల. హాస్టలు నీళ్ళ మీద నాకు ఫిర్యాదు ఉంది. నా సంతకం నాకు తిరిగి ఇవ్వవలెను. హుసేనమ్మ, ఇంకా నలుగురు ఇదే మాట చెప్పి వేలు వేసినారు."

సార్ చాలా నెమ్మదిగా, "మీ మనసు ఎవరో పాడు చేశారు పెద్దాయనా. మీ గురించి నాకు దిగులుగా ఉంది" అన్నారు. ముందటిసారి ఆ మాటకే పడిపోయినాను. ఈసారి ఆ మాట విన్నాక కూడా, ముద్ర వేసి ఒక కాపీ ఇవ్వమని నిలబడే ఉన్నాను. హుసేనమ్మ చెప్పింది, ముద్ర లేకుండా రావొద్దని. గంటన్నర నిలబడినాను. వేసి ఇచ్చినారు. ఆ కాపీ ఈ జాబుతో పంపుతున్నాను. దేనికి పనికొస్తుందో నాకు తెలియదు. నీ దగ్గర ఉంచు.

బయటికి వచ్చినాక కాశింబీ పక్కన నేల మీద కాసేపు కూర్చున్నాను. నీ బకెట్టు ముందర. బస్సుకు టైమైందని లేచినాను. తొట్టి ఇంకా కడగలేదని చెప్పినారు.

కైరుప్పలలో నాకు తగిలిన పిడక ఎవరు విసిరినారో నాకు తెలుసు. మీ అవ్వ పెదనాన్న కొడుకు. ఎదురుగా నిలబడి విసిరినాడు. సాయంత్రం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నాం. ఈ దెబ్బ నా ఇంట్లో, నా మంచం మీద, నా చేతితో నీకు తగిలింది. దీనికి ఏ విభూతి పూయాలో నాకు తెలియడం లేదు.

ఇంటికి రమ్మని అడగను. గౌరి ఎట్లా ఉందో రాయి. నువ్వు ఏం తింటున్నావో రాయి. నన్ను తిట్టాలంటే తిడుతూ రాయి. జవాబు మాత్రం తొందరగా రాయి. అక్షరాలు పెద్దగా రాయమని ఇంక చెప్పను. ఎంత చిన్నగా రాసినా, ఎంతసేపు పట్టినా, చివరి దాకా చదువుతాను.

నీ తాత
బసన్న